మూలా నక్షత్రపు దిక్కున నున్న మహా కృష్ణబిలము

ఆషాఢ శ్రావణ మాసములలో మబ్బు విడిన రాత్రి, దీపముల వెలుతురు లేని చోట నిలిచి దక్షిణపు దిక్కు చూచినచో, కొండి యెత్తిన తేలువలె వంకర తిరిగిన చుక్కల వరుస యొకటి కనబడును. అది వృశ్చికము. ఆ తేలు తోక యందలి చుక్కలనే మన పెద్దలు మూలా నక్షత్ర మనిరి. ఆ కొండికి కొంచెము పైగా, ఎడమ ప్రక్కన, పాలు ఒలికినట్లు తెల్లని కాంతి దట్టముగా పరచుకొని యుండును. అది పాలవెల్లి. వినాయక చవితినాడు స్వామి తలపై వ్రేలగట్టి వెలగకాయలతోను, మొక్కజొన్న పొత్తులతోను మన మలంకరించు చట్రమునకును ఈ పేరే కలదు.

ఆ దట్టమైన కాంతికి వెనుక, ఏ కంటికిని కనబడని చోట, 40 లక్షల సూర్యుల బరువు గల చీకటి వస్తువొకటి యున్నది. దానిని మహా కృష్ణబిల మందురు. చిత్రమేమనగా, జ్యోతిషుల లెక్క ప్రకారముకూడ ఆ స్థానము ధనూరాశిలో మూలా నక్షత్ర భాగముననే పడుచున్నది.

ఈ దిక్కును గూర్చి మన యిండ్లలో రెండు భయములు కలవు. ఒకటి పాతది: మూలలో పుట్టిన పిల్ల కోడలైనచో మామగారికి గండమని. రెండవది క్రొత్తది: పిల్లలు బడినుండియు సెల్‌ఫోను నుండియు తెచ్చుకొన్నది, కృష్ణబిలము చుట్టునున్న సమస్తమును మ్రింగునట, ఒకనాటికి సూర్యునితో కూడ మన భూమినికూడ మ్రింగునట యని. "అమ్మా, నిజమేనా?" యని బిడ్డ యడిగినప్పుడు తల్లి యేమి చెప్పవలెను? ముందుగా ఈ క్రొత్త భయమును విచారింతము. దాని సంగతి తేలిన పిదప పాతదానిని గూర్చి మాటాడుట సులభమగును.

పాలవెల్లి

పాలవెల్లి యనునది నక్షత్రముల సముదాయము. 10,000 కోట్లకు పైగా నక్షత్రములు ఒక చక్రమువలె కూడి, నడిమి కేంద్రము చుట్టును తిరుగుచున్నవి. మన సూర్యుడు వానిలో నొకడు. మన మా చక్రములోపలనే యుండి చూచుచున్నాము గనుక అది మనకు ఆకాశమున నడ్డముగా వేసిన తెల్లని పట్టెవలె తోచుచున్నది. సూర్యుడు తన గ్రహములను వెంటబెట్టుకొని ఆ కేంద్రమునకు ఒక్క ప్రదక్షిణము చేయుటకు సుమారు 23 కోట్ల సంవత్సరములు పట్టును. ఇట్టి సముదాయమును శాస్త్రజ్ఞులు గెలాక్సీ యందురు. ఆ మాట మన పాఠ్యపుస్తకములలోనికిని వచ్చినది గనుక మేమును దానినే వాడెదము. మన పాలవెల్లి వంటి గెలాక్సీలు విశ్వమున కోట్లకొలది కలవు. పెద్ద గెలాక్సీలకు ఇంచుమించుగా అన్నిటికిని నడుమ నొక్కొక్క మహా కృష్ణబిలము కలదని నేటి పండితుల నిశ్చయము.

మన కేంద్రము మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. ఆ వేగముతో 26,000 ఏండ్లు ఎడతెగక పరుగెత్తిన గాని అచటి వెలుతురు మనలను చేరదు. నేడు మనకు చేరిన వెలుతురు అచట బయలుదేరిన నాటికి భూమిపై పొలము లేదు, ఊరు లేదు, అక్షరము లేదు. దూరమెంతటిదో ముందుగా మనసున పెట్టుకొనవలెనని ఈ మాట చెప్పితిమి.

కృష్ణబిల మనగా నేమి?

పైకి విసరిన రాయి క్రింద పడును. సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగినచో నది మరల రాదు. భూమి పట్టు తప్పించుకొని పోవును. వస్తువు ఎంత బరువైనదై, ఎంత చిన్న చోట అణగియున్న, దాని పట్టు తప్పించుకొనుటకు అంత యెక్కువ వేగము కావలెను. కాంతి వేగముకూడ చాలనంతగా నొక వస్తువు అణగిపోయిన నేమగును? దానినుండి వెలుతురైనను బయటికి రాజాలదు. 1783లో ఇంగ్లండున జాన్ మిచెల్ అను క్రైస్తవ మతాచార్యుడు ఈ ప్రశ్న వేసికొని, అట్టి చీకటి నక్షత్రము లుండవచ్చునని వ్రాసెను. ఆ మాట నూరేండ్లకు పైగా మూలబడి యుండెను.

1915లో ఐన్‌స్టీన్ పండితుడు ఆకర్షణశక్తిని గూర్చి క్రొత్త సిద్ధాంతమును వెలువరించెను. జర్మనీ దేశస్థుడగు కార్ల్ ష్వార్జ్‌చైల్డ్ యుద్ధరంగమున కొలువు చేయుచునే ఆ సిద్ధాంతపు లెక్కను సాధించి 1916లో ప్రకటించెను. ఆ లెక్కనుబట్టి ప్రతి బరువునకును దానికి తగిన హద్దొకటి ఏర్పడుచున్నది. ఆ హద్దును మేము గడప యందుము. గడప కీవల నున్నంతవఱకు దేనికైనను తిరిగిపోవుటకు వీలున్నది. గడప దాటిన పిదప కాంతికైనను మరలివచ్చు త్రోవ లేదు. భూమి నంతటిని అణచి కృష్ణబిలముగా చేయవలెనన్నచో దానిని పిల్లలాడు గోళీకాయంత చేయవలెను. సూర్యునైనచో 6 కిలోమీటర్ల అడ్డుకొలత గల ఉండ చేయవలెను. పాలవెల్లి నడుమనున్న దాని గడప అడ్డుకొలత సుమారు 2 కోట్ల 50 లక్షల కిలోమీటర్లు. వినుటకు పెద్దదే, అయినను సూర్యుని చుట్టును బుధగ్రహము తిరుగు కక్ష్యలోపల నది సులభముగా నిముడును.

నక్షత్రము తన బరువునకు తానే క్రుంగుట యను విషయమున త్రోవ చూపినవాడు మన దక్షిణదేశపు బిడ్డయే. సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు 1910లో లాహోరున, తమిళ కుటుంబమున జన్మించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివెను. 1930లో ఇంగ్లండునకు ఓడపై పోవుచు, 19వ యేట, ఆ ప్రయాణముననే యొక లెక్క కట్టెను. ఇంధనము తీరి చల్లారు నక్షత్రము సూర్యునికి సుమారు 1.4 రెట్ల బరువును మించియున్నచో శ్వేతకుబ్జ మను స్థితిలో నిలువజాలక యింకను క్రుంగవలసినదే యని తేల్చెను. 1935లో లండను పండితసభలో ఎడింగ్టన్ అను మహాపండితుడు ఈ లెక్కను పరిహసించెను. చంద్రశేఖరుడు కలహమునకు దిగక తన పని తాను చేసికొనుచు పోయెను. 1983లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను.

ఆయన తల్లి సీతాలక్ష్మి, ఇబ్సెన్ మహాశయుడు రచించిన బొమ్మల యిల్లు అను నాటకమును తమిళమునకు మార్చిన విదుషి. పండ్రెండవ యేడు వచ్చువఱకు ఆ బిడ్డకు చదువు ఇంటనే, తల్లిదండ్రుల యొద్దను, ఇంటికి వచ్చు గురువుల యొద్దను సాగెను. సోదరీమణులారా, ఇల్లాలి చదువు ఎవరికి పనికివచ్చు నని యడుగువారికి ఈ సంగతి చెప్పుడు.

నక్షత్రము క్రుంగి ఏర్పడిన కృష్ణబిలము కొద్ది సూర్యుల మొదలు కొన్ని పదుల సూర్యుల వఱకు బరువుండును. గెలాక్సీల నడుమ నుండునవి లక్షలు, కోట్లు, వందల కోట్ల సూర్యుల బరువు గలవి. అందుచేతనే వానికి మహా యను విశేషణము.

కనబడనిది తెలిసిన విధము

వెలుతురే బయటికి రానిచో, అది యున్నదని యెట్లు తెలిసెను? గానుగను ఒక తెర వెనుక నుంచి, తిరుగుచున్న ఎద్దు మాత్రము కనబడునట్లు చేసినను, ఆ ఎద్దు నడకను బట్టి నడుమ నేదో యున్నదని మనము గ్రహింపగలము గదా. ఎద్దు ఏ చోటి చుట్టు తిరుగుచున్నదో చూచిన గానుగ యెచ్చట నున్నదో తెలియును. పండితులు చేసినదియు నిదియే.

1974లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు పాలవెల్లి కేంద్రమున మిక్కిలి చిన్న చోటినుండి రేడియో తరంగములు వచ్చుట గనిపెట్టిరి. ఆ కేంద్రమునకును మనకును నడుమ దుమ్ము తెరవలె అడ్డముండుటచే మామూలు వెలుతురు రాదు. కంటికి కనబడని పరారుణ కిరణములు మాత్ర మా తెరను దాటి రాగలవు. ఆండ్రియా గెజ్ అను అమెరికా విదుషీమణి 1995 మొదలుకొని హవాయి ద్వీపమున మౌనాకియా కొండమీది 10 మీటర్ల అద్దము గల దూరదర్శినితో ఆ కిరణములను బట్టి కేంద్రము చెంతనున్న నక్షత్రముల చోటులను గుర్తించుచు వచ్చెను. జర్మనీ దేశపు రైన్‌హార్డ్ గెంజెల్ తన వారితో గూడ చిలీ దేశపు దూరదర్శినులతో ఆ పనినే వేరుగా చేయుచుండెను. పొయ్యిమీది వేడిగాలిలోనుండి చూచిన ఆవలి వస్తువు అల్లలాడునట్లు, మన గాలిలోనుండి చూచిన నక్షత్రము అల్లలాడును. ఆ కదలికను క్షణక్షణమును కొలిచి, అద్దమును దానికి తగినట్లు వంచి సరిదిద్దు నేర్పు వచ్చిన పిదప నీ పని చక్కబడెను.

వారు చూచిన నక్షత్రములలో ఎస్-2 అనునది కేంద్రము చుట్టును 16 ఏండ్ల కొకమారు తిరిగి వచ్చుచున్నది. 2018 మే నెలలో నది కేంద్రమునకు మిక్కిలి చేరువకు వచ్చినప్పుడు దాని వేగము సెకనుకు 7,000 కిలోమీటర్లకు పైబడెను. మన భూమి సూర్యుని చుట్టును తిరుగు వేగము సెకనుకు 30 కిలోమీటర్లు మాత్రమే. ఇంత వేగముగా పోవు నక్షత్రమును పట్టి త్రిప్పవలెనన్న నడుమ నుండవలసిన బరువు 40 లక్షల సూర్యులని లెక్కకు వచ్చెను. అంత బరువు అంత యిఱుకు చోట అణగియుండి వెలుగకుండుట కృష్ణబిలమునకు దక్క మఱి దేనికిని చెల్లదు. 2020లో గెజ్, గెంజెల్, సిద్ధాంతమును గట్టిపరచిన రోజర్ పెన్‌రోజ్, ఈ మువ్వురకును భౌతికశాస్త్రపు నోబెలు బహుమానము లభించెను. ఆ శాస్త్రమున ఆ బహుమాన మందిన స్త్రీలలో గెజ్ నాలుగవది. మొదటిది 1903లో మేరీ క్యూరీ, రెండవది 1963లో మరియా గోపర్ట్ మేయర్, మూడవది 2018లో డోనా స్ట్రిక్లాండ్.

ఆ పిదప చాయాచిత్రమును తీసిరి. భూమిపై నానాదేశములందున్న రేడియో దూరదర్శినులను ఒక్క గడియారపు లెక్కకు కట్టి, 2017 ఏప్రిలు నెలలో ఒక్కమారుగా కన్యారాశి దిక్కుననున్న ఎమ్-87 అను గెలాక్సీ వైపునకు త్రిప్పిరి. దక్షిణధ్రువమునుండి రావలసిన లెక్కల పెట్టెలు, అచటి శీతకాలము గడచి విమానములు నడచువఱకు కదలలేదు. 2019 ఏప్రిలు 10వ తేదీన ఆ చిత్రమును లోకమునకు చూపిరి: వెలుగు కంకణము, నడుమ చీకటి. 5 కోట్ల 50 లక్షల కాంతి సంవత్సరముల దూరముననున్న ఆ కృష్ణబిలము 650 కోట్ల సూర్యుల బరువు గలది. 2022 మే 12వ తేదీన మన పాలవెల్లి కేంద్రపు చిత్రమునుగూడ చూపిరి. అదియు నట్టి కంకణమే.

అది సమస్తమును మ్రింగునా?

ఇప్పుడు బిడ్డ ప్రశ్నకు వత్తము. సూర్యుని స్థానమున సూర్యునంతే బరువు గల కృష్ణబిలమును తెచ్చి యుంచినా మనుకొందము. వెలుతురు పోవును, చలిచే జీవకోటి నశించును. కాని భూమి దానిలో పడదు. నేడు తిరుగుచున్న త్రోవలోనే, ఇదే వేగముతో తిరుగుచుండును. ఏలయన, దూరముననున్న వస్తువునకు తగులు ఆకర్షణ బరువునుబట్టి యుండును గాని, ఆ బరువు వెలుగైనదా చీకటియా యనుదానినిబట్టి యుండదు. కృష్ణబిలమునకు వేరుగా ఆకలి యనునది లేదు. గడప చెంతకు పోయినవానికే దాని ప్రమాదము.

పాలవెల్లి నడుమనున్నది 40 లక్షల సూర్యుల బరువు గలదంటిమి. పాలవెల్లిలోని నక్షత్రముల మొత్తము బరువులో నది పదివేలింట నొక పాలైనను గాదు. సూర్యుడు కేంద్రము చుట్టు తిరుగుచున్నది కృష్ణబిలపు లాగుడుచే గాదు. నడుమనున్న నక్షత్రములు, వాయువులు, కనబడని పదార్థము, వీని యన్నిటి బరువుచే తిరుగుచున్నాడు. కావున కృష్ణబిలము సూర్యుని లాగికొనుట యను మాట కల్ల. "కాదు నాయనా, మ్రింగదు" అని తల్లి నిస్సంశయముగా చెప్పవచ్చును.

చేరువకు వచ్చినదానినైనను అది యంతయు మ్రింగుటలేదు. తిరుగలిని చూడుడు. నడిమి గుంటలో పోసిన గింజలు రాళ్ల నడుమ నలిగి, వేడెక్కి, పిండియై అంచులనుండి బయట పడును. కృష్ణబిలము చుట్టును చేరిన వాయువుకూడ నేరుగా లోపల పడదు. పళ్లెమువలె పరచుకొని గిరగిర తిరుగుచు, తనలో తాను రాచుకొని కాగి వెలుగును. అందులో కొంతయే గడప దాటును. తక్కినది గాలివలె చెదరిపోవును, లేక రెండు వైపులను చిమ్మనగ్రోవి నీరువలె ఎగజిమ్మబడును. మన పాలవెల్లి కేంద్రమున, కృష్ణబిలపు పట్టునకు చిక్కిన వాయువులో నూటి కొక వంతుకూడ గడపను చేరుటలేదని 2013లో ప్రకటింపబడిన పరిశీలన తెలుపుచున్నది.

వాయువు మెండుగా దొరకిన కృష్ణబిలపు చుట్టుప్రక్కల వెలుతురు ఊహ కందనిది. 1963లో మార్టెన్ ష్మిట్ అను పండితుడు కన్యారాశిలో చిన్న చుక్కవలె కనబడు నొక వస్తువు 200 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున నున్నదని కనుగొనెను. అంత దూరమునుండి కనబడవలెనన్న నది నిండు గెలాక్సీకంటె ఎన్నో రెట్లు వెలుగవలెను. అట్టివానికి క్వేజారులని పేరు. సూర్యుడు తన యింధనపు బరువులో నూటి కొక వంతైనను వెలుగుగా మార్చడు. కృష్ణబిలము చుట్టు తిరుగు వాయువు సుమారు పది వంతులు మార్చును. చీకటి గడప ముంగిటనే విశ్వమున కెల్ల ప్రకాశవంతములగు దీపములు వెలుగుచున్నవి.

దాని పని యేమి?

పాలు మరుగుచుండగా తోడు వేసిన పెరుగగునా? చల్లారి గోరువెచ్చనై యుండవలెను. నక్షత్రములు పుట్టుటయు నిట్టిదే. ఆకాశమున పరచుకొనియున్న వాయువు చల్లారిన గాని ముద్దకట్టి నక్షత్రము కాజాలదు. పెద్ద గెలాక్సీలు గుంపుగూడిన చోట కోట్ల డిగ్రీల వేడి గల వాయువు నిండియుండును. అది వేడిని వెదజల్లుచు క్రమముగా చల్లారవలసినది. చల్లారిన పిదప వేలకొలదిగా నక్షత్రములై పుట్టవలసినది. కాని చూచినచో అంతగా పుట్టుటలేదు. ఎవరో క్రింద మంట తీయక యుంచినట్లున్నది. ఆ మంట కృష్ణబిలమే యని నేటి పండితుల మతము.

దీనిని చూపిన యంత్రమునకు చంద్రశేఖరుని పేరే పెట్టిరి. చంద్ర యను ఆ ఎక్స్‌-కిరణ దూరదర్శినిని 1999 జూలై 23వ తేదీన ఆకాశమునకు కొనిపోయిన నౌకకు నాయకురాలు ఐలీన్ కాలిన్స్. అట్టి నౌకకు స్త్రీ నాయకత్వము వహించుట అదియే ప్రథమము. 25 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్న పెర్సియస్ అను గెలాక్సీల గుంపున, నడిమి కృష్ణబిలమునుండి వెలువడు ధారలు వేడి వాయువులో పెద్ద పెద్ద బుడగలను రేపుచుండుటయు, వానినుండి అలలు బయలుదేరి నలుదిక్కుల పరచుకొనుటయు ఆ యంత్రము కనిపెట్టెను. అలలనగా ధ్వని యలలే. అవి యొకదాని వెనుక నొకటి వచ్చుటకు సుమారు కోటి సంవత్సరములు పట్టును. 2003లో ప్రకటించిన ప్రకారము ఆ స్వరము హార్మోనియము నడిమి స్థాయికి 57 స్థాయిలు క్రిందిది. ఏ చెవికిని వినబడని ఆ నాదము చల్లారబోవు వాయువును మరల కాచుచున్నది. వాయువు చల్లారి కేంద్రమునకు జారిన కృష్ణబిలమునకు మేత పెరుగును. మేత పెరిగిన వేడి ధారలు పెరుగును. వేడి పెరిగిన వాయువు జారుట తగ్గును. అంతట మేతయు తగ్గును. పొయ్యి సెగను హెచ్చించుచు తగ్గించుచు పాలు పొంగకుండ, విఱుగకుండ కాచుకొను ఇల్లాలి పనివంటిది ఇది.

2000 సంవత్సరమున లారా ఫెర్రారీస్ అను విదుషియు ఆమెతో పనిచేసిన పండితుడును, వేరొక బృందమువారును ఒక్కమారే యొక వింత సంగతి ప్రకటించిరి. కృష్ణబిలపు బరువునకును, దాని లాగుడు తగులనంత దూరమున గెలాక్సీ నడిమి ఉబ్బులో తిరుగు నక్షత్రముల వేగమునకును పొత్తు కుదురుచున్నదట. ఉబ్బు బరువులో కృష్ణబిలము వేయింట ఒకటి మొదలు అయిదు పాళ్ల వఱకు నుండును. ఇంత చిన్నది అంత పెద్దదానితో సరిగా పెరుగుట యెట్లు? రెండును ఒకదాని నొకటి మితమున నుంచుకొనుచు కలిసి పెరిగినవనుటకు ఇది సాక్ష్యము.

మఱి మొట్టమొదటి మహా కృష్ణబిలము లెట్లు పుట్టినవి? కోయంబత్తూరున జన్మించి, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించిన ప్రియంవద నటరాజన్, కొన్ని కృష్ణబిలములు నక్షత్రములు క్రుంగుటచే గాక, ఆదికాలపు వాయురాశులే నేరుగా క్రుంగుటచే పుట్టియుండునని ఏండ్లకు ముందే ప్రతిపాదించెను. 2023లో చంద్ర యంత్రమును, వెబ్ అను క్రొత్త దూరదర్శినియు గూడి, విశ్వమునకు 47 కోట్ల యేండ్ల వయసున్ననాటి యొక గెలాక్సీలో 1 కోటి మొదలు 10 కోట్ల సూర్యుల బరువు గల కృష్ణబిలమును చూపెను. ఆ గెలాక్సీ నక్షత్రముల బరువును ఇంచుమించు అంతే. ఆమె చెప్పిన తీరున కిది యనుకూలమైన సాక్ష్యము.

ఈ పనిలో మన తెలుగునాటికిని పాలు కలదు. గెలాక్సీలు రెండు కలిసినప్పుడు వాని నడిమి కృష్ణబిలములు జంటయై తిరుగుచు ఆకాశమునే కదలించు అలలను లేపును. 2023 జూన్ నెలలో అట్టి యలల మ్రోత యొకటి విశ్వమంతట నిండియున్నదనుటకు సాక్ష్యము దొరకినదని పలుదేశముల బృందములు ప్రకటించెను. వానిలో భారతీయ బృందము పూనా సమీపమునగల రేడియో దూరదర్శినుల సహాయమున పనిచేసినది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. వారును ఆ బృందములో నున్నారు.

ఇక పాత భయము సంగతి

మన పూర్వులును ఆకాశమున నొక మ్రింగువానిని కల్పించుకొనిరి. రాహువు చంద్రుని మ్రింగు ననిరి. క్రీ. శ. 499 నాటి తన గ్రంథమున ఆర్యభటుడు, చంద్రుని కప్పునది భూమి నీడ యనియు, సూర్యుని కప్పునది చంద్రుడనియు స్పష్టముగా చెప్పెను. అట్లయ్యు నేటికిని గ్రహణమునాడు గర్భవతిని గది కదలనీయని యిండ్లు కలవు. తెలిసిన సంగతి పుస్తకమునుండి వంటయింటికి వచ్చుటకు 1,500 ఏండ్లు చాలలేదు.

మూలా నక్షత్రపు మాటయు నట్టిదే. చంద్రుడు సుమారు 27 దినములలో ఆకాశమును చుట్టివచ్చుచు, ఒక్కొక్క నక్షత్రమున నించుమించు ఒక్కొక్క దినముండును. కావున లోకమున పుట్టినవారిలో సుమారు 27వ వంతు మూలవారే. ఆ లెక్కన నూఱిండ్ల వీథిలో ముగ్గురు నలుగురు కోడండ్రు మూలవారై యుండవలెను. ఆ యిండ్ల మామలందఱు అకాలమున పోయిరా? తక్కిన యిండ్ల మామలందఱు నిండు నూఱేండ్లు బ్రదికిరా? ఏ యిల్లాలికైనను తన వీథిని లెక్కించుకొనిన ఉత్తరము దొరకును.

40 లక్షల సూర్యుల బరువు గల మహా కృష్ణబిలము ఆ దిక్కుననే యుండియు మన భూమిని తన త్రోవనుండి కదల్పజాలకున్నది. ఇక చంద్రు డా దిక్కున నుండగా పుట్టిన పసికందు ఇరువది యేండ్లకు పిదప ఎవరో పెద్దమనిషి ప్రాణమునకు ముప్పు తెచ్చుననుట ఎట్లు పొసగును?

ఇది నవ్వి పోవు మాట గాదు. మే మెఱిగిన యొక యింట, చదువును గుణమును గల పిల్లకు మూడు సంబంధములు కుదిరి, జాతకము చూచిన మరునాడే తిరిగిపోయినవి. నాలుగవ మారు తండ్రి పుట్టినవేళను మార్చి వ్రాయించెను. పెండ్లి జరిగినది గాని, ఆ తల్లి కూతురింట ఎవరికి జ్వరము వచ్చినను గుండె చేత పట్టుకొని కూర్చుండుచున్నది. పిల్లకును నిజము చెప్పరాని దినములే గడచుచున్నవి. నేరము చేయని యిద్దఱు స్త్రీలు నేరస్థులవలె బ్రదుకుచున్నారు. శాంతులు, పూజలు వలదని మేము చెప్పము. అవి యెవరి నమ్మకము వారివి. కాని సంబంధమును త్రోసిపుచ్చుటయు, ఇంట కీడు కలిగిననాడు కోడలి మొగము చూచుటయు పూజ గాదు.

శరన్నవరాత్రులలో ఇదే మూలా నక్షత్రమునాడు విజయవాడ యింద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను సరస్వతిగా అలంకరింతురు. ఆనాడు మన బిడ్డల పుస్తకములను దేవి ముందుంచి మ్రొక్కుదుము. చదువులతల్లిని కొలుచుటకు పనికివచ్చిన నక్షత్రము కోడలిని తెచ్చుకొనుటకు పనికిరాకపోవునా? అత్తలు, అత్తలు కాబోవువారు నగు సోదరీమణులు, సంబంధమును మాటాడునప్పుడు పిల్ల చదువును, ఆరోగ్యమును, నడవడిని విచారింపుడు. నక్షత్రము మూల యని పురోహితుడు చెప్పినచో, ఆ దిక్కున నేమున్నదో మేము చదివితిమని ధైర్యముగా చెప్పుడు. ఇంట ఆడపిల్లలున్నచో మబ్బు లేని రాత్రి దాబామీదికి తీసికొనిపోయి ఆ తేలు కొండిని చూపుడు. దానికి పైగా, ఎడమ ప్రక్కన, పాలవెల్లి నడుమ నేమున్నదో, దానిని కనుగొనిన స్త్రీలెవరో చెప్పుడు. మూలలో పుట్టిన పిల్ల యా యింట నున్నచో ముందుగా ఆమెకే చెప్పుడు.